సర్టిఫికెట్ ఒక లెక్క, ప్లేస్‌మెంట్ టెస్ట్ ఇంకో లెక్క: హనుమకొండ నుంచి నా జర్మన్ ప్రిపరేషన్

జర్మనీకి అప్లై చేస్తున్న మన వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. బీ1 పాసైతే చాలు కదా అన్నా, మళ్లీ ఈ ప్లేస్‌మెంట్ టెస్ట్ ఏంటి, దానికి మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది అని. తెలియనివాళ్ల కోసం, భాష ఎంత వచ్చో చెప్పడానికి ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2 అని ఆరు మెట్లున్నాయి, ఏ1 మొదటిది, బీ1 మూడోది. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పే కన్నా తెలిసిందంతా ఒక్కచోట రాస్తే పది మందికి పనికొస్తుందని కూర్చున్నాను. నేను బీటెక్ మెకానికల్ హనుమకొండలోనే చేశాను, జర్మన్ కూడా ఇక్కడే ఉండి నేర్చుకున్నాను, పరీక్షలకు మాత్రం హైదరాబాద్ వెళ్లాను. నాకు సీటొచ్చిన మాస్టర్స్‌లో సగం సబ్జెక్టులు ఇంగ్లిష్‌లో, సగం జర్మన్‌లో ఉంటాయి, అందుకని బీ2 సర్టిఫికెట్ అడిగారు. సీటు ఖాయమయ్యాక ఆ యూనివర్సిటీ భాషా కేంద్రం వాళ్లు ఏ క్లాసులో వేయాలో తేల్చడానికి ఆన్‌లైన్‌లో ప్లేస్‌మెంట్ టెస్టు కూడా పెట్టారు. రెండూ రాసిన మనిషిగా గట్టిగా చెప్పేది ఒక్కటే, సర్టిఫికెట్‌కి చదివిన పద్ధతిలో ప్లేస్‌మెంట్ టెస్టుకి చదివితే పని జరగదు.

ముందు అసలు ఎవరికి ఎంత భాష కావాలో చూసుకోండి, ఇక్కడే సగం గందరగోళం ఉంది. పూర్తిగా ఇంగ్లిష్‌లో నడిచే మాస్టర్స్‌కి చాలాచోట్ల జర్మన్ అడగరు, కొన్నిచోట్ల ఏ1 లేదా ఏ2 అడుగుతారు, ఇంకొన్నిచోట్ల చేరిన తర్వాత ఫలానా గడువులోపు చూపించమంటారు. పూర్తిగా జర్మన్‌లో నడిచే కోర్సయితే కథ వేరు. అక్కడ సాధారణంగా అడిగేవి టెస్ట్‌డాఫ్‌లో నాలుగు భాగాల్లోనూ 4వ స్థాయి, లేదా డీఎస్‌హెచ్-2, లేదా టెల్క్ వాళ్ల సీ1 హోఖ్‌షూలె, లేదా గోథె సీ2. టెస్ట్‌డాఫ్ అంటే జర్మనీలో చదవబోయే విదేశీ విద్యార్థుల కోసం పెట్టే జర్మన్ పరీక్ష, టెల్క్, గోథె అనేవి భాషా పరీక్షలు పెట్టే సంస్థలు. డీఎస్‌హెచ్ అనేది యూనివర్సిటీలు స్వయంగా పెట్టే పరీక్ష, అందులో 67 శాతం వస్తే డీఎస్‌హెచ్-2 కింద లెక్క. ఇంటర్ కాగానే బ్యాచిలర్స్‌కి వెళ్లాలనుకునే వాళ్లలో ఎక్కువమంది ముందు స్టూడియన్‌కొలెగ్ అనే సన్నాహక కాలేజీలో చేరాలి, దానికి బీ1 గానీ బీ2 గానీ అడుగుతారు, పైగా చేర్చుకునే ముందు వాళ్లే జర్మన్ పరీక్ష పెడతారు, టెక్నికల్ కోర్సుకైతే లెక్కలు కూడా. ఆ జర్మన్ పరీక్ష చాలాచోట్ల నేను కింద వివరించబోయే సీ-టెస్టే, కాబట్టి ఇంటర్ పిల్లలు ఆ భాగం తప్పకుండా చదవండి.

ఇంకోటి, చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్‌ని దీనితో కలిపేయకండి. 2022 నవంబర్ నుంచి మన స్టూడెంట్ వీసాకు అది తప్పనిసరి అయింది గానీ అది చూసేది మన మార్కుల మెమోలు, డిగ్రీ పత్రాలు నిజమైనవా అని. భాషతో దానికి సంబంధం లేదు. ఇక్కడ ఒక కన్సల్టెన్సీలో మా ఫ్రెండ్‌కి "ఏపీఎస్ వచ్చేసిందిగా, ఇంక జర్మన్ అవసరం లేదు" అని చెప్పి పంపించారు. వాడు అప్లై చేసిన కోర్సు పేజీలో బీ1 అని స్పష్టంగా రాసి ఉంది. ఎవరి మాటా వినకండి, కోర్సు పేజీలో భాషా అర్హత అన్న భాగాన్ని మీ కళ్లతో మీరు చదవండి. ఆ పేజీకి ఇంగ్లిష్, జర్మన్ రెండు రూపాలూ ఉంటే జర్మన్‌ది తెరవండి, చాలాసార్లు వివరం ఎక్కువ ఉండేది అందులోనే.

సర్టిఫికెట్ పరీక్ష గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే దీనికి మోడల్ పేపర్లు గోథె వాళ్ల సైట్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. బీ1లో నాలుగు మాడ్యూళ్లు. చదవడానికి 65 నిమిషాలు, వినడానికి 40, రాయడానికి 60, మాట్లాడటం దాదాపు 15. ప్రతి మాడ్యూల్‌లో 100కి 60 రావాలి, ఒకదాంట్లో తొంభై వచ్చాయని ఇంకోదాంట్లో యాభైని క్షమించరు. బీ2లో కూడా ఇదే తీరు, రాయడానికి 75 నిమిషాలిస్తారు, 150 పదాల్లో ఒక అభిప్రాయం, 100 పదాల్లో ఒక మర్యాదపూర్వకమైన మెసేజ్ రాయాలి. ఏ పేపర్‌లో ఏం వస్తుందో ముందే తెలుసు కాబట్టి ఉత్తరం మొదలుపెట్టే వాక్యాలు, ముగించే వాక్యాలు, అభిప్రాయం చెప్పే నాలుగు మాటలు కంఠతా పట్టొచ్చు. అందులో తప్పేమీ లేదు, పరీక్ష స్వభావమే అది. ఇంటర్‌లో బిట్ బ్యాంకులు అరగదీసిన మనకు ఈ పని బాగా వచ్చు.

చిక్కంతా ఆ అలవాటునే ప్లేస్‌మెంట్ టెస్టుకి తీసుకెళ్లడంలో ఉంది. మనలో ఎంతమందిమి ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా సంస్కృతం తీసుకున్నాం? నేనూ తీసుకున్నాను, తొంభై దాటి మార్కులొచ్చాయి, ఒక శ్లోకం కొత్తది ఇస్తే ఒక్క ముక్క అర్థం చేసుకోలేను. భాష అంటే మార్కులు తెచ్చే పేపర్ అని పదహారేళ్ల వయసులో మనకు నేర్పించారు, ఎంసెట్, జేఈఈ హడావిడిలో వేరే దారి ఎవరూ చూపించలేదు. పిల్లలనెవరినీ దీనికి తప్పుపట్టను. కానీ ఆ కాలేజీ చదువు దాటి బయటికొచ్చాక కూడా అదే చూపుతో జర్మన్‌ని చూస్తే బీ1 చేతిలో ఉన్నా ఏ2 క్లాసులో కూర్చోబెడతారు. నా కళ్లముందే ఇద్దరు ముగ్గురికి జరిగింది.

సీ-టెస్ట్ అంటే ఏంటో ఇప్పుడు చెప్తాను. ఒక చిన్న పేరా ఇస్తారు. మొదటి వాక్యం పూర్తిగా ఉంటుంది. రెండో వాక్యం నుంచి ఒక పదం వదిలి ఒక పదంలో రెండో సగం కొట్టేస్తారు. ఆ పోయిన సగం మనం నింపాలి. ఆన్‌సెట్ అని టెస్ట్‌డాఫ్ పెట్టే సంస్థదే ఇలాంటి పరీక్ష ఒకటి ఉంది, అందులో ఎనిమిది పేరాలు, పేరాకి 20 ఖాళీలు, మొత్తం 160, పేరాకి 5 నిమిషాలు. పేరాలు పోను పోను కష్టమవుతాయి. టైం అయిపోతే తర్వాతి పేరా వచ్చేస్తుంది, వెనక్కి వెళ్లడం కుదరదు. యూనివర్సిటీల సొంత పరీక్షల్లో పేరాల సంఖ్య, సమయం కొంచెం అటూ ఇటూ ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

తెలుగులో చేసి చూపిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. "మా అమ్మమ్మ వాళ్లది పరకాల దగ్గర పల్లె. అక్కడ వేస… సెలవుల్లో మేమం… రోజూ చెరు… వెళ్లి ఈ… కొట్టేవాళ్లం." మీరు చదువుతూనే నింపేశారు, అవునా? వేసవి, మేమందరం, చెరువుకు, ఈత. ఈ చివరిది ఎలా నింపారో ఒక్క క్షణం ఆలోచించండి. "ఈ" ఒక్క అక్షరం చూసి ఎవరూ ఈత అనలేరు, ముందు చెరువు ఉంది, వెనక కొట్టేవాళ్లం ఉంది, రెండిటి మధ్య అది దానంతట అదే వచ్చింది. చెరువుకు అనడానికి వెళ్లి అన్న మాట సాయం చేసింది. మీరు విభక్తుల పట్టిక గుర్తు తెచ్చుకోలేదు. ఈ పని జర్మన్‌లో ఎంత దూరం చేయగలరన్నదే వాళ్లు కొలుస్తారు. గ్రామర్, పదాలు, స్పెల్లింగ్, వాక్యం ఎటు పోతుందో పసిగట్టడం, అన్నీ ఒకేసారి. అందుకే దీనికి గైడ్ లేదు, గెస్ పేపర్ లేదు, కంఠతా పట్టిన ఉత్తరాలు ఇక్కడ ఎందుకూ పనికిరావు.

మరి ఎలా ప్రిపేర్ అవ్వాలి? చదవాలి, ఎక్కువ చదవాలి, రోజూ చదవాలి. డాయిచె వెలె అనే జర్మన్ వార్తా సంస్థ సైట్‌లో మెల్లగా చదివే వార్తలు పెడతారు, ఆడియోతో పాటు అదే పాఠం రాతలో కూడా ఉంటుంది, పైసా ఖర్చు లేదు. నా పద్ధతి ఇది. పొద్దున ఒకసారి చూడకుండా వినడం, తర్వాత పాఠం చూస్తూ వినడం, సాయంత్రం అందులో ఒక పేరా నోట్‌బుక్‌లో రాసుకుని ఒక పదం వదిలి ఒక పదం సగం కొట్టేసి పక్కన పెట్టడం. దాన్ని అదే రోజు నింపితే గుర్తుండి నింపుతాం, కాబట్టి వారం ఆగి నింపేవాణ్ని. ఇద్దరు కలిసి చదివితే ఇంకా మంచిది, మీరు తయారు చేసింది వాళ్లకి, వాళ్లు చేసింది మీకు. తప్పులన్నీ ఒకచోట రాసుకుంటే రెండు మూడు వారాల్లో మీ బలహీనత ఎక్కడుందో కనిపిస్తుంది. మన తెలుగువాళ్లకి ఎక్కువగా పోయేది నామవాచకం ముందు వచ్చే డేర్, డీ, డస్ అనే ఆర్టికల్స్ విభక్తి మారినప్పుడు డేమ్, డేన్ అయ్యే దగ్గర, విశేషణాల చివర్ల దగ్గర. మాటల్లో అవి సగం మింగేసినా ఎదుటివాళ్లకి అర్థమైపోతుంది, సీ-టెస్టులో మాత్రం కొట్టేసేది సరిగ్గా ఆ తోకలనే.

పరీక్ష హాల్లో పనికొచ్చే చిన్న సూత్రం ఒకటుంది. పదంలో ఎన్ని అక్షరాలు మిగిలాయో పోయినవి కూడా అన్నే ఉంటాయి, లేదా ఒకటి ఎక్కువ. మూడు అక్షరాలు కనబడితే మీరు రాయాల్సింది మూడో నాలుగో. ఏడు రాస్తున్నారంటే అది ఆ పదం కాదు. ముందు పేరా మొత్తం ఒకసారి గబగబా చదవండి, తర్వాత తెలిసినవి నింపండి, చివర్లో మిగిలినవి. ఒక ఖాళీ దగ్గర ఆగిపోతే ఐదు నిమిషాలు మంచులా కరిగిపోతాయి.

చదవడానికి చోటు గురించి కూడా రాయాలి, ఇంట్లో కుదరదని చాలామంది అంటారు. నేను హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి వెళ్లేవాణ్ని. 1904లో, నిజాం కాలంలో, మన భాషలో పుస్తకం దొరకడమే కష్టమైన రోజుల్లో మన పెద్దలు పెట్టిన గ్రంథాలయం అది. గ్రూప్స్‌కి, కానిస్టేబుల్‌కి, డీఎస్సీకి చదివే వాళ్ల మధ్య కూర్చుని నేను జర్మన్ చదివాను. పక్కన కూర్చున్న అక్కలు, అన్నలు ఇదేం భాష అని అడిగేవాళ్లు, వాళ్లకి వివరించబోతే నాకే ఇంకా బాగా అర్థమయ్యేది. ఒక భాషను కాపాడుకోవడానికి కట్టిన చోట ఇంకో భాష నేర్చుకోవడం నాకు చాలా గౌరవంగా అనిపించింది, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నా.

తెలుగు మాతృభాష కావడం మనకు అడ్డం అనుకునే వాళ్లకి ఒక మాట. జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది, ఇంగ్లిష్ మీడియం పిల్లలంతా అక్కడే తడబడతారు. మన వాక్యం మామూలుగా క్రియతోనే ముగుస్తుంది కాబట్టి తెలుగులో ఆలోచిస్తే అది సహజంగా కూర్చుంటుంది. ఎవరిని నువ్వు అనాలో, ఎవరిని మీరు అనాలో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, జర్మన్‌లో కూడా ఆ తేడా ఉంది, బీ2 మెసేజ్‌లో అది పాటించకపోతే మార్కులు పోతాయి. ఇంగ్లిష్ ద్వారా జర్మన్ నేర్చుకోవడం ఆపి తెలుగు ద్వారా నేర్చుకోండి, నోట్స్ తెలుగులో రాసుకోండి.

ప్లేస్‌మెంట్ టెస్టుని ఇంట్లో కూర్చుని రాయిస్తారు కదా అని పక్కన ట్రాన్స్‌లేటర్ తెరిచి రాసేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. హైదరాబాద్‌లో ఇన్‌స్టిట్యూట్‌లో నేరుగా బీ1 బ్యాచ్‌లో చేరితే ఏ2 ఫీజు మిగులుతుందని కూడా కొందరు అలా చేస్తారు. బాపు పత్తి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టే ఇళ్ల నుంచి వచ్చిన వాళ్లకి ఆ ఆశ ఎందుకొస్తుందో నాకు బాగా తెలుసు. కానీ రెండో వారానికే క్లాసులో ఏం జరుగుతుందో తెలియక, అడగడానికి మొహమాటపడి, మధ్యలో మానేస్తే కట్టిన బీ1 ఫీజు కూడా పోతుంది. మీ నిజమైన లెవెల్‌కి ఒక మెట్టు కింద వేసినా ఒప్పుకుని చేరండి. ఎప్పుడో ఏడాది కింద ఏ2 పాసై ఆపేసిన వాళ్లని మళ్లీ ఏ2లోనే వేస్తే టెస్టు తప్పని కొట్లాడకండి. గోథె సర్టిఫికెట్‌కి గడువు తీరడం అనేది లేదు, కానీ వాడకపోతే భాష జారిపోతుంది, ప్లేస్‌మెంట్ టెస్టు చూసేది ఈ రోజు మీకు ఎంత వచ్చో మాత్రమే. కొన్ని యూనివర్సిటీలు సర్టిఫికెట్ కూడా ఈ మధ్యదే కావాలంటాయి, ఆ షరతు ఉందేమో ముందే చూసుకోండి.

టైం ప్లానింగ్ సంగతి. చలికాలం సెమిస్టర్‌కి చాలా యూనివర్సిటీల గడువు జూలై 15, ఎండాకాలం సెమిస్టర్‌కి జనవరి 15. రిజల్ట్ రావడానికి, ఒక మాడ్యూల్ పోతే మళ్లీ రాయడానికి వీలుండేలా పరీక్ష తేదీ ముందే పెట్టుకోండి. హైదరాబాద్‌లో స్లాట్లు తొందరగా నిండిపోతాయి, రిజిస్ట్రేషన్ తెరిచే రోజు తెలుసుకుని ఆ పొద్దున కంప్యూటర్ ముందు ఉండండి. పొద్దున పరీక్ష ఉంటే కాజీపేటలో తెల్లవారుజామున రైలెక్కి వెళ్దామనుకోకండి, ముందు రోజు సాయంత్రమే చేరుకోండి. పాస్‌పోర్ట్ మర్చిపోవద్దు.

మాట్లాడే మాడ్యూల్ ఇద్దరిద్దరిగా ఉంటుంది, ఒంటరిగా చదువుకునే మనకి అదే ఎక్కువ టెన్షన్. బీ1లో ఇద్దరూ కలిసి ఒక పని ప్లాన్ చేయాలి, ఎదుటివాళ్లు చెప్పింది విని జవాబివ్వాలి, అది అద్దం ముందు రాదు. నాతో పాటు బీ2 రాసిన ఇద్దరం, ఇప్పుడు బీ1కి చదువుతున్న కొందరం ఆదివారం సాయంత్రాలు హనుమకొండ పబ్లిక్ గార్డెన్‌లో కూర్చుని జర్మన్‌లోనే మాట్లాడుకుంటున్నాం. వీసా వచ్చేదాకా నేను ఇక్కడే ఉంటాను, వరంగల్, కాజీపేట, హసన్‌పర్తి వైపు వాళ్లు ఎవరైనా రావచ్చు, ఏ1లో ఉన్నా సరే. వచ్చేటప్పుడు మీరు తయారు చేసిన సీ-టెస్ట్ పేరా ఒకటి తెచ్చుకోండి, మార్చుకుని నింపుదాం.