వరద కబుర్లతో మోడల్ వెర్బులు

అమలాపురంలో నా ఇంగ్లిష్ క్లాసుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది విదేశాలకు వెళ్లాలనుకునే నర్సులు. గ్రామర్ రానివాళ్లేం కాదు. కెన్, కుడ్, మే, మైట్ లాంటి మోడల్ వెర్బుల గురించి అడిగితే గడగడా చెప్పేస్తారు. చిక్కంతా జరిగిపోయిన సంగతి దగ్గరే.

అందుకే 2022 జులై వరదతో మొదలుపెడతాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కోనసీమ పిల్లలకి ఈ అంకెలు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ఏడాది మూడోదీ దాటేసింది.

‘రెండో హెచ్చరికకే గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలాల్సింది’ అన్నామంటే తోలలేదనే. ‘తోలాల్సి వచ్చింది’ అంటే తోలారు. తెలుగులో ఈ రెండిటి దగ్గరా ఎవరూ తడబడరు. ఇంగ్లిష్‌లోకి దిగేసరికి రెండిటికీ ‘హ్యాడ్ టు’ పెట్టేస్తారు. డ్యూటీ అప్పగిస్తూ నర్సు ‘ఐ హ్యాడ్ టు కాల్ ద డాక్టర్’ అంటే, పిలిచిందనే అనుకుంటారు అవతలివాళ్లు. పాపం ఆవిడ చెప్పదలుచుకున్నది పిలవాల్సింది, పిలవలేదు అని. అక్కడ ‘షుడ్ హ్యావ్ కాల్డ్’ అనకపోతే కొంప మునుగుతుంది. ఈ ఒక్కదానికే నేను ఎక్కువ టైమ్ పెడతాను.

పడవ వచ్చి ఉండొచ్చు అంటే ‘మైట్ హ్యావ్ కమ్’, వచ్చే ఉంటుంది అంటే ‘మస్ట్ హ్యావ్ కమ్’. ఇంతవరకూ బానే చెప్తారు. వచ్చి ఉండదు అనమంటే మాత్రం మస్ట్‌కే నాట్ తగిలిస్తారు. బ్రిటిష్ వాడుకలో అక్కడ ‘కాంట్ హ్యావ్ కమ్’ అనాలి. ఇక అక్కర్లేకపోయినా చేశాం అని చెప్పే ‘నీడ్‌న్ట్ హ్యావ్’ సంగతి ఆఖర్న చూసుకోవచ్చు, పరీక్షల్లో తప్ప దాంతో పెద్దగా పనిపడదు.

మొన్న ఏటి మధ్య లంక ఊరి అమ్మాయి ఒకామె వాళ్ల తాతగారి గురించి రాసింది. నీళ్లు వాకిట్లోకి వచ్చేసినా ఆయన పడవ ఎక్కనంటే ఎక్కనన్నారట. ‘డిడ్‌న్ట్ గెట్ ఇన్’ అని రాసింది. తప్పేం లేదు. కానీ అందులో ఆయన మొండితనం ఏదీ? ‘వుడ్‌న్ట్ గెట్ ఇన్’ అని మార్చాను.

“గేదె ఎక్కనన్నా వుడ్‌న్టే వాడొచ్చాండి?”

“వాడొచ్చమ్మా. స్టార్ట్ అవ్వనని మొరాయించే పడవ ఇంజిన్‌కీ వాడొచ్చు.”

“ఆయ్, మాది ఆరోజు అదే పని చేసిందండి” అంటూ కింద ఇంకో వాక్యం రాసుకుంది.