కంట్రోలర్‌లో టైం చూశావా?

మధురవాడలో ఒక హాస్టల్‌కి వైఫై పెట్టాల్సి వచ్చింది. మూడంతస్తులు, 18 యాక్సెస్ పాయింట్లు (ఏపీలు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు). వాటన్నిటినీ నడిపే కంట్రోలర్ పక్క బ్లాకులో, వేరే సబ్‌నెట్‌లో, అంటే రూటర్ అవతలి నెట్‌వర్క్‌లో ఉంది. పొద్దున్నే నిచ్చెనలు వేసుకుని అన్నీ బిగించాం. మధ్యాహ్నమైనా ఒక్క ఏపీ కూడా కంట్రోలర్‌లో కనబడలేదు. "ఏం బాబూ, సాయంత్రానికైనా వస్తుందా? పిల్లలు నన్ను అడుగుతున్నారు" అని వార్డెన్‌గారు వచ్చి వెళ్తుంటే టెన్షన్ పెరిగిపోయింది.

కరెంటు, ఐపీ వచ్చేస్తే ఏపీ పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. అది ముందు తన కంట్రోలర్‌ని వెతుక్కోవాలి. బ్రాడ్‌కాస్ట్‌లో, అంటే తన నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా కేకేస్తుంది, కానీ ఆ కేక రూటర్ దాటదు. అందుకే ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో ఆప్షన్ 43 అనే సెట్టింగ్ పెట్టి కంట్రోలర్ అడ్రస్ అందించాలి. మేం బిగించిన రకానికి దాన్ని హెక్స్‌లో (పదహారు అంకెల లెక్కలో) రాయాలి: ముందు ఎఫ్1, తర్వాత పొడవు 04, ఆ వెనక ఐపీ. మాది 192.168.10.5, అంటే సీ0 ఏ8 0ఏ 05. కాగితం మీద రాసుకుని, రెండుసార్లు సరిచూసుకుని కొట్టాను.

ఒక ఏపీని రీబూట్ చేసి నెట్‌వర్క్‌లో వెళ్లే సందేశాలు చూపే ప్యాకెట్ క్యాప్చర్ పెట్టాను. యూడీపీ పోర్టు 5246 మీద కంట్రోలర్‌ని వెతికే డిస్కవరీ రిక్వెస్ట్ వెళ్లింది, జవాబొచ్చింది. ప్రాణం లేచొచ్చింది. అంతలోనే డీటీఎల్ఎస్ హ్యాండ్‌షేక్, అంటే ఏపీ, కంట్రోలర్ ఒకదాన్నొకటి గుర్తుపట్టి రహస్యంగా మాట్లాడుకునే ఏర్పాటు, తెగిపోయింది. మళ్లీ డిస్కవరీ, మళ్లీ అక్కడే తెగడం. గంటసేపు కేబుళ్లు, స్విచ్ పోర్టులు మార్చి చూశాను. ఆ గంట దండగ.

చివరికి మా సీనియర్‌కి ఫోన్ చేశాను. "జవాబొచ్చిందంటే దారి బాగానే ఉందిరా, కేబుళ్ల జోలికి పోకు. కంట్రోలర్‌లో టైం చూశావా?" అన్నాడు అన్న.

చూస్తే 2000 సంవత్సరం, జనవరి. ఏపీ ఫ్యాక్టరీ నుంచే తన గుర్తింపు సర్టిఫికెట్‌తో వస్తుంది. హ్యాండ్‌షేక్‌లో కంట్రోలర్ దాన్ని తన గడియారంతో పోల్చుకుంటుంది. దాని లెక్కలో ఆ సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కాలేదు, అందుకే లోపలికి రానివ్వలేదు. సరైన టైం చెప్పే ఎన్‌టీపీ సర్వర్ అడ్రస్ ఇచ్చి టైం సరిచేశాను. రెండు నిమిషాల్లో మొదటి ఏపీ జాయిన్ అయింది.

ఆ వెంటనే అన్నీ ఆగిపోయినట్టు కనబడితే కంగారు పడకండి. సాఫ్ట్‌వేర్ వెర్షన్ వేరుగా ఉంటే ఏపీ కంట్రోలర్ నుంచి కొత్త ఇమేజ్ దింపుకుని రీబూట్ అవుతుంది, అప్పుడు కరెంటు తీయకూడదు. ఫైర్‌వాల్‌లో 5246తో పాటు 5247 పోర్టు కూడా తెరవాలి. పిల్లల డేటా కంట్రోలర్‌కి వెళ్లేది దాని మీదే.

ఏడున్నరకి మూడో అంతస్తు చివర, మెట్ల పక్కనున్న పద్దెనిమిదోది జాయిన్ అయింది. వార్డెన్‌గారి ఫోన్‌లో వైఫై కలిపి ఇచ్చి నిచ్చెన దింపుకున్నాం.