కోతుల మీద పరిశోధనకు అనుమతి: నా అనుభవం

"కోతే ఎందుకు?" దరఖాస్తులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే.

నేను హైదరాబాద్‌లో ఒక టీకా పరిశోధన బృందంలో పనిచేస్తున్నాను. ఎలుకల్లో ఫలితాలు బాగా వచ్చాయి. మనుషులకు ఇచ్చే ముందు రీసస్ కోతుల్లో యాంటీబాడీలు ఎన్నాళ్లు నిలుస్తాయో చూడాలి. ఎలుకలకైతే సంస్థలోని జంతు నైతిక కమిటీ ఒప్పుకుంటే సరిపోతుంది. కోతులకు అలా కాదు. కమిటీ సిఫారసు చేశాక ఫైలు ఢిల్లీలోని సీసీఎస్ఈఏకి, అంటే జంతువులపై ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ కమిటీకి వెళ్లాలి.

ఫారం-బి అనే ఆ దరఖాస్తులో "మనిషికి దగ్గరి జాతి కాబట్టి" అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మా టీకాలోని సహాయక పదార్థం టీఎల్ఆర్7, టీఎల్ఆర్8 అనే గ్రాహకాల ద్వారా రోగనిరోధక కణాలను మేల్కొలుపుతుంది. ఎలుకల్లో టీఎల్ఆర్8 మనిషిలోలా స్పందించదు. కోతి అవసరమైంది అందుకే. తర్వాత ఎన్ని కోతులు కావాలన్న లెక్క. 2020లో కోవాగ్జిన్‌ను 20 రీసస్ కోతుల్లో, గుంపుకు ఐదు చొప్పున పరీక్షించారు. ఆ అధ్యయనాన్ని ముందు పెట్టుకుని, గణాంక నిపుణుడితో కూర్చుని, మా పథకంలో ఒక గుంపును పూర్తిగా తీసేశాం. ఆ రోజు నాకు నిజంగా తృప్తిగా అనిపించింది.

కమిటీ సమావేశంలో శాస్త్రవేత్తలు మోతాదుల గురించే అడిగారు. వాటికి సిద్ధపడే వెళ్లాను. సైన్సుతో సంబంధం లేని సభ్యురాలు ఒకరున్నారు, రిటైరైన టీచర్. ఆవిడ ఫైలు మూసి, "రక్తం తీయడం అయిపోయాక ఇవి ఎక్కడికి పోతాయమ్మా?" అన్నారు. ప్రయోగం తర్వాత జంతువుల సంరక్షణ పరిశోధకుల బాధ్యతే, ఆ ఖర్చు కూడా ప్రాజెక్టులో భాగమే అని చెప్పాను. "ఎన్నేళ్లకు?" అన్నారు వెంటనే. రీసస్ కోతి మనుషుల సంరక్షణలో పాతికేళ్లకు పైగా బతకగలదు. బడ్జెట్‌లో ఆ పద్దును పెంచి మళ్లీ పంపాం. ఇలాంటి ప్రశ్న అడిగే మనిషి ప్రతి కమిటీలోనూ ఉండి తీరాలని నా గట్టి నమ్మకం.

ఢిల్లీ నుంచి జవాబు కోసం ఎదురుచూడటం పెద్ద టెన్షన్. కానీ ఈలోగా శిక్షణ నడిచింది. కోతి కళ్లలోకి నేరుగా చూడకూడదు, అది బెదిరింపు అనుకుంటుంది. ఫేస్ షీల్డ్ లేకుండా గదిలోకి అడుగు పెట్టనివ్వరు, ఎందుకంటే హెర్పిస్ బి వైరస్ వాటికి పెద్దగా హాని చేయదు గానీ మనిషి ప్రాణం తీయగలదు. క్షయ మన నుంచి వాటికి సోకుతుంది కాబట్టి మాకూ పరీక్షలు చేశారు. కోతులకు పైరెప్పలో సన్నని సూదితో, క్షయ సోకిందో లేదో తేల్చే ట్యూబర్‌క్యులిన్ ఇచ్చి, మూడు రోజుల పాటు వాపు వస్తుందేమో చూస్తారు.

అనుమతి వచ్చాక నేను మొదట కోరింది రక్తం నమూనా కాదు, అలవాటు చేయడానికి సమయం. కేర్‌టేకర్ అన్న రోజూ పల్లీలు ఇస్తూ, రక్తం తీయడానికి వీలుగా బోను సందులోంచి చెయ్యి చాపడం నేర్పించాడు. చాలావరకు నేర్చుకున్నాయి. ఒక ఆడకోతి మాత్రం చెయ్యి ఇవ్వలేదు, దానికి మత్తు ఇచ్చే తీశాం. బలవంతంగా పట్టుకుంటే ఒత్తిడి హార్మోన్లు పెరిగి రోగనిరోధక ఫలితాలే మారిపోతాయి.

తుది నివేదికలో టీకాకు సరిగా స్పందించని కోతుల వివరాలు కూడా పూర్తిగా ఇచ్చాను, ఇదే ప్రయోగం ఇంకో ల్యాబ్‌లో మళ్లీ చేయాల్సిన పని లేకుండా.