రామప్ప ఎక్స్‌కర్షన్ తర్వాత చూసిన ఊళ్లు

మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నేను పెట్టే ఫొటోలు చూసి "నీకేందే, దేశాలు పట్టుకొని తిరుగుతున్నవ్" అని ఆటపట్టించినవాళ్లే ఇప్పుడు సంచికకు ఏదైనా రాసియ్యమని వెంటపడ్డారు. సరే, రాస్తా. కానీ ఏ దేశంలో ఏమేం చూడాలి, హోటల్ ఎక్కడ తీసుకోవాలి అనే లిస్టు మాత్రం రాయను, అది ఫోన్‌లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. ఇంటిల్లిపాదీ కలిసి వెళ్లినప్పుడు ఎక్కడ మనసు నిండింది, ఎక్కడ డబ్బులు దండగయ్యాయి, అసలు నాకు ఈ తిరుగుడు ఎక్కడ అంటుకుంది, అదే రాస్తా.

రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బాపు కాజీపేటలో రైలు డ్రైవర్, లోకో పైలట్ అనే మాట అప్పటికి ఇంకా రాలేదు. వేసవి సెలవులు వస్తున్నాయంటే ఇంట్లో ఒకటే చర్చ, ఈసారి రైల్వేవాళ్లకిచ్చే ఫ్రీ పాసు ఎటు రాయించాలి అని. పూరీ, హరిద్వార్, రామేశ్వరం, అన్నీ ఆ పాసు పుణ్యమే. ఒక హోల్డాల్, ఒక మట్టి కూజా, రెండు రోజులకు సరిపడా పులిహోర, డబ్బా నిండా సకినాలు, ఇంతే సామాను. హోటల్‌లో దిగడం అనేదే మాకు తెలియదు, సత్రమో రిటైరింగ్ రూమో ఏదో ఒకటి. తిరగాలంటే డబ్బున్నోళ్లే అయి ఉండాలన్న ఆలోచన అందుకే నా బుర్రలోకి ఎప్పుడూ రాలేదు.

ఊరు దాటడం బాపు నేర్పిస్తే, వెళ్లిన చోట కళ్లు తెరిచి చూడటం నేర్పింది మన సోషల్ సారు. తొమ్మిదో తరగతిలో రామప్పకు తీసుకెళ్లారు, గుర్తుందా? మామూలుగా ఎక్స్‌కర్షన్ అంటే బస్సు దిగి గుడి చుట్టూ ఒక రౌండ్ ఉరికి, లక్నవరం చెరువు కాడ అన్నం తిని వచ్చుడే. సారు అట్లా పోనియ్యలేదు. ఇద్దరిద్దరికి ఒక బొమ్మ చూపించి "దీని ముందట్నే కూసోండ్రి, మల్ల నాకు చెప్పాలె" అన్నారు. మాకు పడింది చూరు కింద ఏటవాలుగా నిలబడి ఉండే మదనికల్లో ఒకామె, ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నామె. కాకతీయుల కాలంలో హైహీల్సా అని మేం కిసకిస నవ్వుతుంటే సారు వచ్చి, "నవ్వుడు అయినంక చెప్పుండ్రి, ఈమె రాయి ఏ రంగు, గుడి గోడ రాయి ఏ రంగు?" అన్నారు. అప్పటిదాకా మాకు కనపడనే లేదు. గోడలేమో ఎర్రటి ఇసుకరాయి, ఈమె మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. "మరి ఈ నల్లరాయి ఏడికెల్లి తెచ్చిండ్రు, ఎవలు మోసిండ్రు?" అని అడిగి జవాబు చెప్పకుండానే వెళ్లిపోయారు. పునాది గుంతలో ఇసుక నింపి దాని మీద గుడి లేపారని, శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికని, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని తర్వాత బస్సులో చెప్పారు. 2021 జూలైలో యునెస్కో జాబితాలో రామప్ప పేరు చేరిన రోజు గ్రూపులో అందరం తలుచుకున్నది సారునే కదా.

ఇక విదేశాల సంగతి. పెళ్లయి, పిల్లలు కాస్త పెద్దయ్యాక, అమ్మనూ బాపునూ కూడా తీసుకొని ఒక ప్యాకేజీ టూర్‌లో యూరప్ వెళ్లాం. కంపెనీ పేరు అనవసరం, అన్నీ ఒకే మోస్తరు. పొద్దున ఆరింటికి లగేజీ బయట పెట్టాలి, ఎనిమిదింటికి బస్సు, దిగితే ఇరవై నిమిషాలు, ఫొటో, మళ్లీ బస్సు. అమ్మ సగం యూరప్ నిద్రలోనే చూసింది. స్విట్జర్లాండ్‌లో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అని 3,454 మీటర్ల ఎత్తున ఒక స్టేషన్ ఉంది, యూరప్‌లో అంతకంటే ఎత్తున రైల్వే స్టేషన్ లేదు. ఐగర్ కొండ కడుపులోంచి సొరంగం తొలిచి 1912 నాటికే అక్కడికి రైలు నడిపారు. అందరూ మంచులోకి పరుగెత్తితే బాపు మాత్రం ప్లాట్‌ఫాం మీదే ఉండి పట్టాల మధ్య ఉన్న పళ్ల పట్టీ వైపు వంగి చూస్తున్నాడు. ఇంజన్ కింద ఉండే పళ్ల చక్రం ఆ పట్టీని పట్టుకొని ఎక్కుతుందట. "దిగేటప్పుడు బ్రేక్ మీద ఎంత లోడ్ పడుతదో" అని ఆయన లెక్కలు ఆయనవి. టైమైపోయిందని టూర్ మేనేజర్ ఒకటే విజిల్.

ఆ టూర్ వెనిస్‌లో అయిపోయింది. మిగతావాళ్లు ఫ్లైట్ ఎక్కేశారు, మేం మాత్రం ఇంకొన్ని రోజులు ఉండిపోయాం, ముందే అలా టికెట్లు చేసుకున్నాం. దానికీ కారణం సారే. రుద్రమదేవి పాఠం చెప్పేటప్పుడు వెనిస్ యాత్రికుడు మార్కోపోలో పేరు ఎన్నిసార్లు చెప్పారో! మోటుపల్లి రేవు ఉన్న రాజ్యం గురించి, అక్కడ న్యాయంగా పాలించే రాణి గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి ఆయన రాసుకున్నాడు. రాణి చనిపోయిన రాజుకు భార్య అని రాశాడు గానీ రుద్రమ గణపతిదేవుడి కూతురు, అది మనకు తెలుసు, ఆయనకు ఎవరో తప్పు చెప్పి ఉంటారు. అంత దూరం నుంచి మనూరి గురించి రాసిన మనిషి ఇల్లు చూడకుండా ఎట్లా వస్తాం? వెనిస్ ఎయిర్‌పోర్టుకే ఆయన పేరు పెట్టుకున్నారు, ఇల్లు మాత్రం ఇప్పుడు లేదు. రియాల్టో వంతెన దాటి సందుల్లో తిరిగి తిరిగి మలిబ్రాన్ థియేటర్ వెనక్కి చేరితే, పోలో కుటుంబం ఇళ్లు ఇక్కడ ఉండేవని గోడకు ఒక రాతి పలక, పక్కన ఆయన పుస్తకానికున్న మిలియోన్ అనే పేరుతో చిన్న వాకిలి, అంతే. మా ఆయన ఆ గోడను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ గోడను చూశాడు. "దీనికోసమా గంటన్నర నడిపించినవ్?" పిల్లలకు ఐస్‌క్రీం కొనిచ్చి శాంతి చేశా. కానీ ఆ వాకిట్లో కూర్చొని వాళ్లకు మోటుపల్లి అభయశాసనం సంగతి చెప్పాను. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే రోజుల్లో, సుంకం తప్ప ఏమీ తీసుకోమని గణపతిదేవుడు 1244లో రాతి మీద రాయించి పెట్టాడని చెబితే, మా చిన్నోడు "అంటే సేఫ్టీ గ్యారంటీ కార్డా?" అన్నాడు. సారు విని ఉంటే మార్కులు వేసేవారు.

అన్నిటికంటే బాగా కుదిరింది కంబోడియా. అంగ్‌కోర్ వాట్ కట్టించిన రెండో సూర్యవర్మ 12వ శతాబ్దం మొదటి సగం వాడు, మన వేయి స్తంభాల గుడి 1163, అంటే ఒకటి అయ్యీ కాకముందే ఇంకోటి. బయోన్ ముఖాల గుడి కట్టించిన ఏడో జయవర్మ దాదాపు మన గణపతిదేవుడి కాలం వాడే. మూడు రోజుల పాసు 62 డాలర్లు, కౌంటర్ దగ్గరే ఫొటో తీసి దాని మీద అచ్చు వేసి ఇస్తారు. ఒక చిన్న కిటుకు చెప్తా వినండి. తెల్లవారుజామున జనమంతా ఎడమవైపు చెరువు గట్టున సూర్యోదయం ఫొటో కోసం ఎగబడతారు, ఆ గుడి పడమటి ముఖం కాబట్టి సూర్యుడు గోపురాల వెనక నుంచి లేస్తాడు మరి. ఫొటో అయిపోగానే టిఫిన్లకు హోటళ్లకు పోతారు. సరిగ్గా అప్పుడు లోపలికి వెళ్లాలి, వసారాలన్నీ ఖాళీ.

మేం అట్లాగే వెళ్లాం. గైడ్ కుర్రాడు ఇంగ్లిషులో మొదలుపెట్టాడు. అమ్మకు ఇంగ్లిషు రాదు, వాడి మాట వినకుండా గోడ పట్టుకొని ముందుకు పోతోంది. కొంత దూరం పోయి ఆగి "గీయన భీష్ముడు గద" అంది. చూస్తే నిజమే, అంపశయ్య మీద పడుకొని ఉన్నాడు, చుట్టూ మనుషులు. గైడ్ మాటాపి అమ్మ వైపు తిరిగాడు. ఇక అక్కడి నుంచి గైడ్ అమ్మే. తూర్పు వసారాలో క్షీరసాగర మథనం దాదాపు యాభై మీటర్ల పొడవున చెక్కారు. ఒకవైపు అసురులు, ఒకవైపు దేవతలు వాసుకిని పట్టుకొని లాగుతుంటే మధ్యలో విష్ణువు, కింద తాబేలు. 92 మంది అసురులు, 88 మంది దేవతలని గైడ్ చెప్పాడు. పిల్లలు నమ్మకుండా చెరో చివర నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చారు, ఇద్దరి లెక్కా కలవలేదు, మళ్లీ మొదలు. ఈలోపు అమ్మ కింద కూర్చొని హాలాహలం దాకా కథ లాగింది, నేను ఇంగ్లిషులో చెబితే గైడ్ తన సెల్‌లో రాసుకున్నాడు. రెండు గంటలు ఒక్క గోడ దగ్గరే. పైన మూడో అంతస్తు మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులతో అమ్మ ఎక్కలేదు, దానికి బాధపడిందీ లేదు.

రాయి ఏడికెల్లి తెచ్చిండ్రు అని నేను అడగాల్సిన ప్రశ్న నేను అడిగా. నలభై కిలోమీటర్ల దూరంలోని కులేన్ కొండల నుంచి, కాలువలు తవ్వి నీళ్ల మీద తెచ్చారట. మరి మోసిందెవరు అంటే వాడు నవ్వి ఊరుకున్నాడు.

ఇంకో సంగతి, ఆ ఊళ్ల చుట్టూ ఎటు చూసినా తాటిచెట్లే. అది వాళ్ల జాతీయ వృక్షం. దారి పక్కన వెదురు గొట్టాలు వేలాడదీసి తాటి నీళ్లు అమ్ముతుంటే బాపు ఆటో ఆపించాడు. ఒక గుటక వేసి, "తియ్యగనే ఉంది గని మన కల్లు ముందర ఆగదు" అని తీర్పు ఇచ్చి, రెండో గొట్టం కూడా తెప్పించుకున్నాడు.

జపాన్ బాపు కోసం వెళ్లిందే. 1964లో షింకన్‌సెన్ మొదలైనప్పటి నుంచి దాని గురించి ప్రపంచమంతా చెప్పుకుంటోంది గానీ, బాపును పట్టేసింది దాని స్పీడు కాదు. టోక్యో స్టేషన్‌లో రైలు ఆగగానే శుభ్రం చేసేవాళ్లు ఎక్కి ఏడు నిమిషాల్లో సీట్లన్నీ తిప్పి, తుడిచి, దిగి వంగి నమస్కారం పెట్టారు. అదీ కాదు. తెల్ల గ్లవుజులు తొడుక్కున్న గార్డు ప్లాట్‌ఫాం చివరిదాకా చెయ్యి చాపి, వేలితో చూపిస్తూ, ఏదో పైకి గట్టిగా అంటున్నాడు. చుట్టూ ఎవరూ లేరు, ఎవరితో మాట్లాడుతున్నాడో మాకు అర్థం కాలేదు. బాపుకు వెంటనే తెలిసిపోయింది. "సిగ్నల్ జూసి నోటితోని అనాలె. మేం గూడ అనేటోళ్లం, నేనంటే అసిస్టెంట్ తిరిగి అనాలె. నోటితో అన్నది కన్ను తప్పిపోదు." రిటైరై అన్నేళ్లయినా అలా అంటుంటే ఆయన చెయ్యి దానంతటదే ముందుకు లేచింది. ఆ రోజు క్యోటో దాకా కుడివైపు కిటికీ సీటు ఆయనదే, ఫుజి కొండ అటువైపే కనబడుతుంది, అయినా ఆయన కొండను చూసింది తక్కువ, సిగ్నల్ స్తంభాలు ఏవని వెతికింది ఎక్కువ. అవి పట్టాల పక్కన ఉండవు, సిగ్నల్ డ్రైవర్ క్యాబ్‌లోనే కనిపిస్తుంది. విదేశీ టూరిస్టులకు అమ్మే జపాన్ రైలు పాసు ధర మాత్రం 2023 అక్టోబరులో బాగా పెంచేశారు, వారం రోజులది 29,650 నుంచి 50,000 యెన్లు అయింది. ఇప్పుడు వెళ్లేవాళ్లు విడి టికెట్ల ఖర్చుతో లెక్క చూసుకొని కొనండి.

లండన్ గురించి ఎక్కువ రాయడానికి లేదు. కోహినూర్‌ను భద్రకాళి అమ్మవారి కన్నుగా మనూళ్లో కథలుగా చెప్పుకుంటారు కదా, దానికి ఆధారం ఏమీ లేదనుకోండి, అయినా అది ఉన్న టవర్ ఆఫ్ లండన్‌లో కదిలే బెల్టు మీద నిలబడి ఆ కిరీటాల ముందు నుంచి పోతుంటే అమ్మ చేతులు జోడించింది. మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి ఎక్కింది.

ఈజిప్టులో అబూ సింబెల్ చూసినప్పుడు మాత్రం నాగార్జునకొండ గుర్తొచ్చి అందరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆస్వాన్ డ్యామ్ నీళ్లలో మునగకుండా 1964 నుంచి 1968 దాకా ఆ కొండగుడిని ముక్కలుగా కోసి 65 మీటర్ల పైకి ఎత్తి కట్టారు. కాస్త దూరం నుంచి చూస్తే అతుకు కనబడదు. సాగర్ కింద మునిగిన మన లోయలోంచి కొన్ని కట్టడాలనైనా పైకి తెచ్చి పెట్టినవాళ్లకు అక్కడే దండం పెట్టుకున్నా.

తిండి గురించి అడుగుతారని తెలుసు. మామిడికాయ తొక్కు రెండు కవర్లలో వేసి, స్టీలు డబ్బాలో పెట్టి, చెక్-ఇన్ బ్యాగులోనే వేయండి, చేతి సంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీసి పడేస్తారు. సర్వపిండి రెండు రోజులకు మించి ఉండదు, సకినాలు ఎన్నాళ్లైనా ఉంటాయి.

వచ్చే సెలవులకు ఇంట్లో పంచాయితీ ఇంకా తెగలేదు. జావాలో ప్రంబనన్ గుడి గోడల మీద రామాయణం మొత్తం ఉందని ఎవరో చెప్పినప్పటి నుంచి అమ్మ అటే అంటోంది. బాపుకు ఇంకో కొండ రైలు కావాలి. పిల్లలకు వైఫై ఉన్న ఏ దేశమైనా ఓకే. మా ఆయన మాత్రం, చూడటానికి ఒక్క గోడ కూడా లేని బీచ్ ఏదైనా ఉంటే చెప్పమని మిమ్మల్నే అడగమన్నాడు.