తెల్లన్నం తినేవాళ్ళ తరఫున

"పగలంతా పీచు ఎక్కువుండే గోధుమ కోసం పనిచేస్తావు. మధ్యాహ్నం అయ్యేసరికి డబ్బా నిండా తెల్లన్నం తింటావు. తెలిసిన నువ్వే ఇలా తింటే తెలియనివాళ్ళకి ఎవరు చెప్తారు?"

ఇంగ్లండ్‌లో నేను పనిచేసేచోట పొలం పనులు చూసే అక్కడి పెద్దావిడ ఒకరు భోజనాల దగ్గర నాతో ఈ మాట అన్నారు. ఎగతాళిగా అనలేదు, కోపంగానూ అనలేదు. నా మంచి కోరే అన్నారని ఆవిడ మొహం చూస్తే తెలిసింది. నా డబ్బాలో అన్నం, ముద్దపప్పు, ఓ మూల గోంగూర. ఆవిడ చేతిలో గింజలు పైకి కనపడే ముదురురంగు బ్రెడ్డు. పెద్దవాళ్ళు చెప్పినప్పుడు వెంటనే ఎదురు చెప్పే పెంపకం కాదు కదా మనది, తలూపి తినడం పూర్తిచేశాను. కానీ ఆ మాట మనసులోంచి పోలేదు. గోధుమ బ్రీడింగ్‌లో, అంటే కొత్త గోధుమ రకాలు తయారుచేసే పనిలో ఉన్న నేను ఆవిడకి ఏం చెప్పి ఉండాల్సిందో అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను.

ముందు నా పనేమిటో చెప్తాను. గోధుమ పువ్వు తనంతట తనే ఫలదీకరణ చేసుకుంటుంది. రెండు రకాలు కలపాలంటే, పువ్వు విచ్చుకోకముందే సన్నటి పట్టకారుతో ఒక్కో పువ్వులోంచి మూడు పుప్పొడి తిత్తులు తీసేసి, కంకికి కవరు తొడిగి, ఒకట్రెండు రోజులయ్యాక రెండో రకం పుప్పొడి దులపాలి. బాపట్లలో చదువుకునేటప్పుడు వరి మీద నేర్చుకున్న పనే ఇది. వరి పువ్వులో తిత్తులు ఆరు, గోధుమలో మూడే. చెయ్యి తొందరగానే అలవాటు పడింది. పక్కవాళ్ళు తినే తిండిని చూసే చూపు అలవాటు పడటం మాత్రం కష్టమైంది.

మాది పల్నాడు. మా నానమ్మ చిన్నతనంలో రోజూ జొన్న సంకటి, లేదంటే వరిగన్నం, అంటే వరిగ అనే చిరుధాన్యం వండింది. వరన్నం పండక్కి, చుట్టాలొచ్చినప్పుడు. 1967లో సాగర్ కాలవల్లోకి నీళ్ళు వదిలాక మెట్ట చేలు మాగాణులయ్యాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది, మనం బీపీటీ అనుకునేది అదే. రోజూ రెండు పూటలా తెల్లన్నం తినగలగడం కోసం మా ఇంట్లో రెండు తరాలు ఒళ్ళు వంచాయి. నానమ్మ కంచంలో అన్నం పెట్టుకుని కాసేపు చూసి గానీ కలిపేది కాదు. ఆ అన్నాన్ని ఎవరైనా తప్పుపడితే నాకు పీచు లెక్కలు గుర్తుకు రావు, నానమ్మ గుర్తొస్తుంది.

అలాగని ఆ పెద్దావిడ చెప్పింది అబద్ధం కాదు. నాన్నకి షుగర్. డాక్టరుగారు రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తినమన్నారు. మనవైపు గోధుమ చాలా ఇళ్ళలోకి వచ్చింది ఈ దారినే, మందు చీటీ మీద. పొట్టుతో ఆడించిన పిండిలో తెల్లబియ్యం కన్నా పీచు ఎక్కువ, నిజమే. కానీ నాకు తోచింది ఇంకోటుంది. చపాతీకి లెక్క ఉంటుంది, రెండంటే రెండే. అన్నానికి మనిళ్ళలో లెక్క లేదు. పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగులోకి ఇంకోసారి. నాన్న ఆరోగ్యం కాస్త కుదుటపడటంలో గోధుమ వాటా ఎంతో, ఆ లెక్క వాటా ఎంతో నేను విడదీసి చెప్పలేను.

ఆవిడకి చెప్పాలనుకున్నవాటిలో మొదటిది వాళ్ళ దేశం కథే. రెండో ప్రపంచ యుద్ధంలో, ఓడల్లో వచ్చే గోధుమ చాలనప్పుడు, 1942లో బ్రిటన్ ప్రభుత్వం అందరికీ ఒకే రకం బ్రెడ్డు పెట్టింది. గింజలో ఎక్కువ భాగం పిండిలో ఉండేట్టు ఆడించిన, బూడిదరంగు నేషనల్ లోఫ్. పోషకాల పరంగా మంచిదే. జనానికి మాత్రం నచ్చలేదు. 1956లో అది పోగానే తిరిగి తెల్ల బ్రెడ్డుకే వెళ్ళారు. యుద్ధమూ రేషనూ ప్రభుత్వమూ కలిసి పద్నాలుగేళ్ళు తినిపించినా వాళ్ళ నాలుక తెలుపునే కోరుకుంది. అప్పుడు వీళ్ళ ప్రభుత్వం జనాన్ని మందలించలేదు. మిల్లులో పోయినదాన్ని తిరిగి పిండిలో కలపమని చట్టం చేసింది. ఇవాళ్టికీ ఇక్కడి తెల్లపిండిలో క్యాల్షియం, ఇనుము, రెండు బి విటమిన్లు కలపడం తప్పనిసరి. అది చదివినరోజు నాకు చాలా ధైర్యం వచ్చింది. తెల్లటి తిండి మీద ఆశ పల్నాడులో పుట్టింది కాదు.

పోయేదేమిటో కూడా చెప్పాలి. గోధుమ గింజలో ఇనుము, జింకు ఎక్కువగా పైపొరల్లోనూ మొలక భాగంలోనూ ఉంటాయి. తెల్లపిండి కోసం లోపలి పిండిభాగం మాత్రం ఉంచి మిగతాది తీసేస్తే అవి తవుడుతో పాటు పోతాయి. సరే, తవుడుతోనే తిందామంటే అక్కడ ఫైటేట్ అనే పదార్థం ఇనుమునీ జింకునీ పట్టుకుని కూర్చుంటుంది, ఒంటికి అందేది తక్కువ. పిండి పులియబెడితే కొంత నయం. అందుకే 'ముదురురంగుది తిను, అంతా సర్దుకుంటుంది' అని చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. పీచు విషయంలో వాళ్ళు రైటు. జింకు విషయంలో కథ అంత సులువు కాదు.

మన దగ్గర కలిపే పద్ధతి ఏమైందో మీకు తెలుసు. రేషన్ బియ్యంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 చేర్చిన ఫోర్టిఫైడ్ గింజలు కలపడం మొదలయ్యాక ఊరూరా 'ప్లాస్టిక్ బియ్యం' అన్నారు. అమ్మ చాటలో పోసి తేడాగా కనపడ్డ గింజల్ని ఒక్కొక్కటే ఏరి పారేసేది. ఫోనులో నేనెంత చెప్పినా, "నువ్వక్కడుండి చెప్తావు, నీళ్ళలో వేస్తే తేలుతున్నాయే" అనేది. అమ్మది అజ్ఞానం అని నేననుకోను. బియ్యం చెరిగి, రాళ్ళేరి, తాలు తీసేసి వండటం జీవితమంతా చేసిన మనిషి. తేడాగా ఉన్న గింజని తీసేయడమే ఆవిడకి తెలిసిన శుభ్రం.

నాకు ఈ ఉద్యోగం మీద ఇంత ఇష్టం ఎందుకంటే ఇందుకే. బలం గింజ లోపలే పుడితే ఏరి పారేయడానికి ఏమీ ఉండదు. యూమై 34 అని చైనా గోధుమ రకం ఒకటుంది. దాని తెల్లపిండిలోనే అరబినోజైలాన్ అనే పీచు మామూలు రకాల కన్నా బాగా ఎక్కువ. తవుడులో కాదు, తెల్లపిండిలోనే. ఐరోపా శాస్త్రవేత్తలు చాలా రకాలు పరీక్షిస్తుంటే అది బయటపడింది. ఆ గుణానికి కారణమైన జన్యుభాగాల్ని ఇక్కడి రకాల్లోకి తెచ్చే పని రోథమ్‌స్టెడ్ అనే ఇక్కడి వ్యవసాయ పరిశోధన సంస్థలో, ఇతర చోట్ల నడిచింది. ఈ దేశంలో పెద్దవాళ్ళకి రోజుకి 30 గ్రాముల పీచు కావాలంటారు, సగటున తినేది 20 గ్రాముల లోపే. జనం తినే తెల్ల బ్రెడ్డే కొంచెం మారితే ఎవరికీ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

ఇంకో దారి స్టార్చిని, అంటే గింజలోని పిండిపదార్థాన్ని మార్చడం. మామూలు గోధుమ స్టార్చిలో అమైలోజ్ అనే, నెమ్మదిగా అరిగే భాగం పావు వంతు దాకా ఉంటుంది. అది పెరిగితే అరుగుదల నెమ్మదిస్తుంది, రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. నాన్నలాంటివాళ్ళకి కావలసింది అదే. చిక్కేమిటంటే గోధుమలో మూడు పూర్వీకుల జన్యువులు కలిసున్నాయి, 21 జతల క్రోమోజోములు. ఒక జన్యువు పని ఆపాలంటే మూడు చోట్లా ఆపాలి. ఒకటి ఆపితే మిగతా రెండూ ఆ పని చేసేస్తాయి. అందుకే గోధుమలో ఇలాంటి గుణాలు ఎన్నో ఏళ్ళు దాగి ఉండిపోయాయి. 2018లో గోధుమ జన్యుపటం పూర్తిగా వచ్చాక వెతకడం తేలికైంది. మూడు చోట్లా ఆపినా దిగుబడి పడిపోకుండా చూడటం ఇంకా తేలిక కాలేదు.

వీళ్ళ దగ్గర నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది దాచిపెట్టే అలవాటు. రోథమ్‌స్టెడ్‌లో బ్రాడ్‌బాక్ అనే పొలం ఉంది. 1843 నుంచి అక్కడ గోధుమ వేస్తూనే ఉన్నారు. ఒక మడికి పశువుల ఎరువు, ఒక మడికి రసాయన ఎరువు, ఒక మడికి ఏమీ లేదు. పంట పంటకీ కాసిన్ని గింజలు, కాస్త గడ్డి, అప్పుడప్పుడు మట్టి తీసి సీసాల్లోనూ డబ్బాల్లోనూ పెట్టి చీటీ అంటించారు. తీసి పెట్టినవాళ్ళకి ఎందుకు పనికొస్తుందో తెలియదు. జింకు కొలిచే యంత్రాలు అప్పటికి పుట్టలేదు. ఆ గింజల్నే తీసి కొలిచిన ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. 1960ల మధ్య దాకా గింజలో జింకు, ఇనుము, రాగి, మెగ్నీషియం ఇంచుమించు అలాగే ఉన్నాయి. పొట్టి రకాలు వచ్చిన దగ్గర్నుంచీ తగ్గుతూ వచ్చాయి. మట్టిలో తగ్గలేదు, గింజలోనే తగ్గాయి.

ఆ పొట్టితనం జపాన్ రకం నోరిన్ 10 నుంచి వచ్చింది. మెక్సికోలో బోర్లాగ్ అనే శాస్త్రవేత్త దాన్ని తన రకాల్లోకి తెచ్చారు, ఆ విత్తనాలు 1960లలో మన పంజాబ్‌కి వచ్చి దేశం ఆకలి తీర్చాయి. దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కంకి బరువుకి పడిపోని మొక్క కావాలని అడిగారు, అది దొరికింది. జింకు సంగతి అప్పుడెవరూ అడగలేదు. సాంబ మసూరి కూడా సన్నగా, రుచిగా, దిగుబడి బాగా ఉండాలని అడిగితే వచ్చింది.

బ్రాడ్‌బాక్ గురించి చదువుతుంటే నాకు మా ఊరి జొన్నచేలు గుర్తొచ్చి మనసు కలుక్కుమంది. పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళ జన్యునిధిలో వేలాది జొన్న రకాల విత్తనం భద్రంగా ఉందని తెలుసు, గర్వంగానూ ఉంటుంది. నేను కోరుకునేది ఇంకోటి. కాలవ రాకముందు మా చేలో పండినవి గుప్పెడు, వచ్చాక పండినవి గుప్పెడు, ఎక్కడైనా ఒక డబ్బాలో ఉండి ఉంటే నానమ్మ తిండికీ నా తిండికీ తేడా ఎంతో ఇవాళ కొలిచి చూసేదాన్ని.

ఇక్కడా అన్నీ సజావుగా లేవు. బ్రెడ్డు గోధుమకి మిల్లులు అదనపు ధర ఇచ్చేది 13 శాతం ప్రోటీన్ చూసి. దానికోసం రైతు ఇంకాస్త నత్రజని వేస్తాడు, అందులో కొంత వాగుల్లోకి పోతుంది. జింకు ఎక్కువుంటే ఒక్క పెన్నీ ఎక్కువ ఇచ్చేవాళ్ళు లేరు. తుప్పు తెగులు తట్టుకునే రకమంటే రైతు వెంటనే వింటాడు, మందు ఖర్చు మిగులుతుంది కాబట్టి. పోషకం కోసమే వేరే రకం వెయ్యమంటే, దిగుబడి కొంచెం తగ్గినా ఎందుకు వేస్తాడు? మా నాన్న అయినా వెయ్యడు.

కాబట్టి రుచి, రంగు, దిగుబడి ఏవీ పోకుండా లోపల మారాలి. హైదరాబాద్‌లో ఆ పని మనవాళ్ళే చేసి చూపించారు. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి ఎండాకు తెగులు తట్టుకునే జన్యువులు ఎక్కించి 2008లో విడుదల చేశారు. అదే సన్నగింజ. దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే లెక్క, కూడా తక్కువేనని తర్వాత తేలింది. ఎక్కువ జింకు ఉన్న డీఆర్ఆర్ ధాన్ 45 కూడా ఆ వరి సంస్థ నుంచి వచ్చిందే. 2025 ఉగాదికి తెలంగాణలో రేషన్ షాపుల్లో సన్నబియ్యం మొదలుపెట్టారంటే, దొడ్డు బియ్యం ఇస్తే జనం అమ్మేసుకుంటున్నారని ప్రభుత్వానికీ అర్థమైంది. పేదవాళ్ళ నాలుకకి కూడా ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఆ సన్నబియ్యం సంచుల్లోకి అలాంటి రకాలు ఎక్కాలని నా కోరిక.

ఇదంతా ఆ పెద్దావిడకి ఒక భోజనం బల్ల దగ్గర చెప్పడం అయ్యే పని కాదు. తర్వాత ఓ రోజు నేషనల్ లోఫ్ మాట ఎత్తితే, వాళ్ళమ్మ దాన్ని అసహ్యించుకునేదని ఆవిడే చెప్పారు. నాన్న షుగర్ గురించి అడిగారు. డబ్బాలో అన్నం తగ్గించి పప్పు పెంచమన్నారు. పెంచాను. అన్నం మాత్రం తెల్లదే.

అమ్మ ఫోన్‌లో అడుగుతూ ఉంటుంది, "మీరు చేసే ఆ గోధుమ ఇక్కడి కొట్లో ఎప్పుడు దొరుకుతుందే? మీ నాన్నకి తెప్పిద్దాం." ఇవాళ కలిపిన గింజ రైతు చేతికి రకంగా వెళ్ళడానికి పదేళ్ళు పట్టొచ్చనీ, అది ఈ దేశపు చలికి తయారయ్యే మొక్కనీ చెప్పాను. "అంతవరకూ?" అంది. అంతవరకూ ఆ చపాతీలే పెట్టు, బియ్యంలో ఆ గింజలు ఏరకుండా వండు అన్నాను. మొదటిదానికి సరేనంది.