కొత్త సీక్వెల్ వస్తోందంటే దేన్ని అనుమానించాలి

2008 జూన్‌లో డయాబ్లో 3 అనే రోల్ ప్లేయింగ్ గేమ్ (మనమే ఒక పాత్రై ఆడే కంప్యూటర్ ఆట) మొదటి దృశ్యాలు బయటికి రాగానే పాత అభిమానులు గొడవకు దిగింది రంగుల మీద. పచ్చటి గడ్డి, ఇంద్రధనుస్సు, నీలి వెలుగులు. డయాబ్లో 2లోని చీకటి ఏదీ, ఈ పిల్లల బొమ్మల పుస్తకం ఏంటి అంటూ ఆన్‌లైన్‌లో సంతకాలు కూడా సేకరించారు. 2012 మే 15న ఆట చేతికొచ్చాక దెబ్బ తగిలింది మాత్రం రంగుల వైపు నుంచి కాదు. ఒంటరిగా ఆడుకునేవాళ్లకు కూడా సర్వర్ దొరకనిదే ఆట తెరుచుకోలేదు. మొదటి రోజు ఎంతోమంది చూసింది రాక్షసుల్ని కాదు, సర్వర్లు ఖాళీ లేవని చెప్పే ‘ఎర్రర్ 37’ని. అంతకన్నా లోతైన జబ్బు ఆక్షన్ హౌస్. రాక్షసుల్ని చంపి మంచి ఆయుధం సంపాదించడమే ఆ సిరీస్‌కి ఊపిరి. అదే ఆయుధం అంగట్లో, కొన్ని నిజమైన డబ్బుకే, దొరుకుతుంటే చంపడం ఎందుకు? 2014 మార్చి 18న తయారీ సంస్థ బ్లిజార్డ్ దాన్ని పూర్తిగా మూసేసింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆక్షన్ హౌస్ పెడుతున్నామని 2011లోనే చెప్పేశారు. రోగం ఆట రాకముందే కళ్లెదుట ఉంది.

నా వాదన అంతా దీని చుట్టూనే. అభిమానులకు అనుమానం రావడంలో తప్పు లేదు. ఇష్టపడ్డ సిరీస్ కాబట్టే భయం. కానీ ఆ అనుమానం ఎప్పుడూ కంటికి కనపడేదాని మీదే వాలుతుంది: కెమెరా కోణం, ముఖాలు, రంగులు, ట్రైలర్‌లో పాట. రోల్ ప్లేయింగ్ గేమ్ పాడయ్యేది మాత్రం నియమాల్లో.

దీన్ని తిరగేసి చూపించేది బాల్డర్స్ గేట్ 3. 1998లో, 2000లో వచ్చిన మొదటి రెండు ఆటల్లో యుద్ధం ఆగకుండా నడుస్తుంది, కావాలంటే మనం పాజ్ చేసి ఆజ్ఞలివ్వాలి. జట్టులో ఆరుగురు. మూడోదాన్ని తయారుచేసిన లేరియన్ స్టూడియో 2020 ఫిబ్రవరిలో చూపించిన ఆటలో వంతులవారీ యుద్ధం, జట్టులో నలుగురు. ‘ఇది డివినిటీ ఒరిజినల్ సిన్ 3, పైన అతికించింది బాల్డర్స్ గేట్ పేరు’ అని, లేరియన్ పాత సిరీస్ పేరు పెట్టి, ఎక్కడ చూసినా ఒకటే మాట. వంతులవారీ యుద్ధం మీద ఆ కోపం నాకెప్పుడూ అర్థం కాలేదు. ఈ ఆటలన్నిటికీ మూలమైన డంజన్స్ అండ్ డ్రాగన్స్, బల్ల మీద ఆడేటప్పుడు, వంతులవారీదే కదా.

అదే గుంపులో ఇంకో రకం విమర్శకులు ఉన్నారు. 2020 అక్టోబర్ 6న ఎర్లీ యాక్సెస్, అంటే పూర్తికాని ఆటను ముందే అమ్మి ఆడనివ్వడం, మొదలైంది. మొదటి అంకం మాత్రమే, నాలుగో లెవెల్ వరకే. వీళ్లు దాన్ని ఆడి, లెక్కలు వేసి మాట్లాడారు. అప్పటి నియమం ప్రకారం ఎత్తైన చోట నిలబడి బాణం వేస్తే అడ్వాంటేజ్ వచ్చేది, అంటే ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవడం. 11 లేదా అంతకన్నా ఎక్కువ పడితే చాలనుకునే దెబ్బకు మామూలుగా 50 శాతం అవకాశం. అడ్వాంటేజ్ ఉంటే 75. ఒక నిచ్చెన ఎక్కితే అంత లాభం వస్తుంటే, అదే లాభం ఇవ్వడానికి పుట్టిన మంత్రాలు, క్లాస్ (పాత్ర ఎంచుకున్న వృత్తి) శక్తులు దేనికి? పైగా ఫైర్ బోల్ట్ లాంటి చిన్న మంత్రం కూడా నేలకు నిప్పు అంటించేది. ప్రతి పోరూ మంటల్లో గెంతడమే అయిపోయేది. 2023 ఆగస్టు 3న పూర్తి ఆట వచ్చేసరికి ఎత్తుకు దక్కేది పాచిక అంకెకు +2 మాత్రమే, అదే లెక్కలో 60 శాతం. చిన్న మంత్రాలు ఉత్త నేలను అంటించడం మానేశాయి. వంతులు మాత్రం వంతుల్లాగే ఉన్నాయి. నియమం పేరు పెట్టి చెప్పిన అనుమానం ఆటను మార్చింది. ‘ఇది మా ఆట కాదు’ అన్నది గాలిలో కలిసిపోయింది.

ఎల్డర్ స్క్రోల్స్ అభిమానులది ఇంకో పద్ధతి. వాళ్లు తీసివేతలు లెక్కపెడతారు. ఆ సిరీస్‌లో 2002 నాటి ఆట మారోవిండ్‌లో 27 నైపుణ్యాలు, 8 గుణాలు. 2006 అబ్లివియన్‌లో 21 నైపుణ్యాలు, అవే 8 గుణాలు. 2011 స్కైరిమ్‌లో 18 నైపుణ్యాలు. గుణాలు పోయి ఆరోగ్యం, మంత్రశక్తి, దమ్ము అనే మూడు గీతలు మిగిలాయి. ఈ అంకెలు చూసి ‘సిరీస్ పలచబడుతోంది’ అనేయడం సులువు, కానీ అంకె ఒక్కటే ఏమీ చెప్పదు. పొడవు కత్తికీ పొట్టి కత్తికీ వేర్వేరుగా ఉన్న నైపుణ్యాల్ని కలిపేస్తే ఆటగాడు కోల్పోయేది చాలా తక్కువ. గాల్లో తేలే మంత్రం పోవడం అలాంటిది కాదు. అబ్లివియన్‌లో ప్రతి నగరం ఒక వేరే గదిలాంటిది, ద్వారం దాటితే లోడ్ అవుతుంది. బయటి నుంచి కనిపించేది డొల్ల బొమ్మ. పైకెగిరి గోడ దాటితే ఆ డొల్లతనం బయటపడుతుంది, అందుకే మంత్రాన్నే తీసేశారు. అంటే ఒక సాంకేతిక నిర్ణయం ఒక ఆట తీరుని మింగేసింది. స్కైరిమ్‌లో సొంతంగా మంత్రాలు తయారుచేసుకునే వీలు పోవడం కూడా నా దృష్టిలో అంతే పెద్ద లోటు.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది చావు లేని పాత్రలు. మారోవిండ్‌లో కథకు కీలకమైన మనిషిని చంపితే ఆట అడ్డుపడదు. జోస్యం దారం తెగిపోయింది, పాత సేవ్‌కి వెళ్లు, లేదంటే నువ్వే తెచ్చుకున్న ఈ లోకంలో బతుకు, అని ఒక సందేశం వస్తుంది. అప్పుడు కూడా కథను ముగించడానికి ఒక దొడ్డిదారి ఉంది. అబ్లివియన్‌లో అదే పని చేస్తే ఆ మనిషి సొమ్మసిల్లి పడిపోయి, కాసేపటికి లేచి బట్టలు దులుపుకుంటాడు. ఎల్డర్ స్క్రోల్స్ 6 పేరు 2018 జూన్‌లో ప్రకటించారు. దాని ఆట తీరు చూపించిన రోజున కొండల అందం మీద కన్నా, నగరాలు బయటి లోకంతో కలిసి ఉన్నాయా, కీలక పాత్రలు చావగలవా అన్న రెండింటి మీద కన్ను పెట్టండి. నైపుణ్యాల సంఖ్య తర్వాత చూసుకోవచ్చు.

పాత ఆటలో చేసిన ఎంపికలు కొత్త ఆటలోకి వస్తాయా అన్నది ఇంకా మొండి సమస్య. లెక్క క్రూరమైనది: అవును, కాదు అనే రెండు జవాబులున్న ఎంపికలు పది ఉంటే 1024 లోకాలు తయారవుతాయి. ప్రతిదానికీ మాటలు రాయాలి, గొంతులు రికార్డు చేయాలి, తప్పులు పట్టాలి. ఏ స్టూడియో వల్లా కాదు. కాబట్టి చేసేది మూడింట్లో ఒకటి: ఉత్తరంలోనో సంభాషణలోనో ఒక ప్రస్తావనతో సరిపెట్టడం, పోయిన పాత్ర స్థానంలో ఇంకొకరిని నిలబెట్టడం, అసలు ఆ ఊసే ఎత్తకపోవడం.

రెండోది బాగా చేస్తే అద్భుతంగా ఉంటుంది. మొదటి మాస్ ఎఫెక్ట్‌లో మన జట్టులోని రెక్స్ చనిపోతే మూడో ఆటలో అతని గ్రహాంతర జాతి క్రోగన్ల నాయకుడిగా రీవ్ వస్తాడు. అతను ఎంత దురుసు మనిషంటే, ఆ జాతికి పట్టిన శాపాన్ని తీర్చాలా వద్దా అన్న ప్రశ్న బరువే మారిపోతుంది. అదే ఆటలో రాక్నై అనే ఇంకో జాతి రాణి సంగతి చూడండి. మొదటి ఆటలో ఆమెను చంపారా, వదిలేశారా అని మనల్ని అంత మథనపెట్టారు. తీరా అప్పుడు చంపినా మూడో ఆటలో ఇంకో రాణిని పుట్టించి, అదే గుహలో అదే పోరాటం పెట్టారు. తర్వాత పర్యవసానం కాస్త వేరుగా ఉన్నా, అభిమానికి గుర్తుండిపోయేది ‘చంపినా వచ్చింది’ అన్న మాటే.

డ్రాగన్ ఏజ్‌లో ఇది ఇంకా స్పష్టంగా కనిపించింది. 2014లో వచ్చిన మూడో ఆట ఇన్‌క్విజిషన్ కోసం డ్రాగన్ ఏజ్ కీప్ అనే వెబ్‌సైటే పెట్టి, వెనకటి రెండు ఆటల నిర్ణయాల్ని వరసగా నమోదు చేసుకునే వీలిచ్చారు. 2024 అక్టోబర్ 31న వచ్చిన తర్వాతి ఆట వెయిల్‌గార్డ్ అడిగేవి మూడే: మూడో ఆటలో మనం ఆడిన నాయక పాత్ర ఇన్‌క్విజిటర్ ఎవరిని ప్రేమించారు, తను నడిపిన ఇన్‌క్విజిషన్ అనే సంస్థని రద్దు చేశారా ఉంచారా, పాత సహచరుడు సోలస్‌ను మార్చాలనుకున్నారా ఆపాలనుకున్నారా. ఓర్లే సింహాసనం మీద ఎవరు కూర్చున్నారో, దుఃఖాల బావి నీళ్లు ఎవరు తాగారో అడగనే అడగదు. ఆ నీళ్లు తాగి ఉండగల మారిగన్ స్వయంగా ఎదురుపడ్డా ఆ బావి మాట తేలదు. కథను ఉత్తరానికి, టెవింటర్ వైపు జరపడం ఇందుకు కొంత సాకు అయింది. మూడు ప్రశ్నలేనన్న సంగతి విడుదలకు ముందే తెలిసింది. అప్పుడు కంగారుపడ్డవాళ్లది అతి అని కొందరు కొట్టిపారేశారు. వాళ్లది అతి కాదు. ఎంతో ముందే సరైన చోట వేలు పెట్టారు.

తేదీలు కూడా చాలా చెబుతాయి. డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్ 2009 నవంబర్ 3న, రెండో ఆట 2011 మార్చి 8న వచ్చాయి. మధ్యలో పదహారు నెలలు. అంత పెద్ద ఆటకు అంత తక్కువ సమయం ఇస్తే ఎక్కడో ఒకచోట కోత పడాలి, అది ప్రదేశాల మీద పడింది. ఒకే గుహ, ఒకే గోదాం, తలుపులు కొన్ని మూసి కొన్ని తెరిచి, పదేపదే. ఆరు ఆరంభ కథలు, మూడు జాతులు ఉన్న చోట మనిషి జాతి హాక్ ఒక్కరే మిగిలారు. మరీ ఎక్కువ సమయం తీసుకున్నా ప్రమాదమే. వాంపైర్ ది మాస్కరేడ్ బ్లడ్‌లైన్స్ 2ను 2019 మార్చిలో ప్రకటించారు. 2021 ఫిబ్రవరిలో స్టూడియోని తప్పించారు, ఇంకో స్టూడియో చేతిలో అది 2025 అక్టోబర్ 21న బయటపడింది. 2004 నాటి మొదటి ఆటలో మనమే గుణాలు పంచి ఒక కొత్త రక్తపిశాచిని తయారుచేసుకుంటాం. రెండోదాంట్లో ఫైర్ అనే పాత్ర ముందే సిద్ధంగా ఉంటుంది, వంశం ఎంచుకోవడం మన వంతు. ఆ వంశాల్లో రెండింటిని అదనపు డబ్బుకు పెట్టబోతే అభిమానులు గట్టిగా నిలదీశారు. విడుదలకు ముందే వాటిని మూల ఆటలో కలిపారు. అనుమానం ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి రుజువు అక్కర్లేదు.

ఇక చేతిలో పని. ట్రైలర్‌లో ‘ఇన్-ఇంజిన్’ అని రాసి ఉంటే అది ఆడుతున్న ఆట అని అర్థం కాదు. ఆట ఇంజిన్‌లో తీసిన సినిమా కూడా కావచ్చు. ఆరోగ్యం గీత, మ్యాప్, బటన్ల సూచనలు కనిపించే వీడియో కోసం ఆగండి. అందులో సంభాషణ వచ్చిన చోట పాజ్ చేసి జవాబుల సంఖ్య చూడండి, పూర్తి వాక్యాలా ముక్కలా చూడండి. ఫాలౌట్ 4లో నాలుగు బటన్లకు నాలుగు ముక్కలే ఉండేవి. మనం నొక్కినదానికీ పాత్ర పలికినదానికీ పొంతన లేక, ఆటను సొంతంగా మార్చుకునే అభిమానులు పూర్తి వాక్యాలు చూపించే మాడ్ (మార్పు) తయారుచేశారు.

కొంటే, వెనక్కి ఇచ్చే దారి ముందే తెలుసుకోండి. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, 2 గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు తిరిగి ఇస్తారు. 2024 ఏప్రిల్ నుంచి ముందస్తు యాక్సెస్‌లో, అంటే విడుదల తేదీకన్నా ముందే ఆడనిచ్చినప్పుడు, ఆడిన సమయం కూడా ఆ 2 గంటల్లో పడుతుంది. జీఓజీ అనే ఇంకో దుకాణంలో ఆడినా సరే 30 రోజులు. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెడితే, ఆటలో లోపం ఉంటే తప్ప, సాధారణంగా ఇవ్వరు. స్టీమ్ గడియారం ఆట తెరిచిన క్షణం నుంచి తిరుగుతుంది. షేడర్లు (తెర మీద బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు) సిద్ధమయ్యే నిమిషాలు, మీ పాత్ర ముక్కు వంపు సరిచేసుకునే గంట, అన్నీ దాని ఖాతాలోకే. అందుకే మొదటిసారి రెడీమేడ్ ముఖంతో వెళ్లిపోండి.

ఆ 2 గంటల్లో చేయాల్సిన పరీక్షలు మూడు. మొదటి అసలైన సంభాషణకు ముందు సేవ్ చేసి, కటువైన జవాబు ఇచ్చి వినండి. లోడ్ చేసి మెత్తటి జవాబు ఇవ్వండి. ఒక్క వాక్యం తేడా వచ్చి మళ్లీ అదే దారిలో కలిస్తే అది అలంకారం. పావుగంట తర్వాత ఎవరైనా ఆ మాట గుర్తుచేస్తే లోపల పని జరిగినట్టు. చేత్తో సేవ్ చేసే వీలు లేని ఆటైతే రెండో పాత్రతో మొదలుపెట్టండి. రెండోది, ఒప్పించడంలోనో తాళం తీయడంలోనో కావాలని ఓడిపోండి. ఓడితే కొత్త దారి తెరుచుకుంటుందా, లేక తలుపు మూసుకుని ఊరుకుంటుందా? మూడోది లెవెల్ పెరిగినప్పుడు. దొరికే ఎంపికలు ‘శత్రువుకు 5 శాతం ఎక్కువ నష్టం’ లాంటివే అయితే మీ పాత్ర ముగింపులో కూడా ఇప్పుడు ఆడినట్టే ఆడుతుంది, పెద్ద అంకెలతో. ఇంతకుముందు చేయలేని పనిని చేయనిచ్చే ఎంపిక ఒక్కటైనా మొదటి మూడు లెవెల్స్‌లో కనిపిస్తే గంటన్నర దాటినా భయం లేకుండా ఆడండి.