ముందు ఆ స్వెట్టర్ సంగతి చూడమ్మా

"కట్ చెయ్యకమ్మా. నువ్వెలాగూ ఫినిష్ చెయ్యవు. అప్పుడు అమ్మమ్మ చీరా ఉండదు, క్విల్టూ ఉండదు."

మా అమ్మాయి ఈ మాట కోపంగా అనలేదు. పొద్దున్నే సీరియల్ తింటూ, అదేదో ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు అంది. మా అమ్మ పాత చీర కోసి, ఆ ముక్కలు కలిపి క్విల్టు, అదే ఇక్కడి ముక్కల బొంత, కుడదామని నేనేమో డైనింగ్ టేబుల్ మీద కటింగ్ మ్యాట్ పరిచి, రోటరీ కట్టర్‌కి కొత్త బ్లేడు బిగించి, స్కేలు పెట్టి సిద్ధంగా ఉన్నాను. అది గిన్నె సింకులో పడేసి వచ్చి, టేబుల్ మీంచి చీర తీసుకుని, తన గదిలో హ్యాంగర్‌కి తగిలించుకుంది. పండక్కి పరికిణీ వేసుకోమంటేనే కడుపునొప్పి తెచ్చుకునే పిల్ల!

అది బందరు అద్దకం చీర. మా అమ్మ ఎప్పుడో పెడనలో కొనుక్కుంది. ఎర్రటి నేల మీద తీగలు, పూలు, వాటి చుట్టూ నల్లటి గీత. మడతల దగ్గర చివికిపోయింది, కట్టుకుంటే నిలవదు. ఆ నలుపు డబ్బాలోంచి తీసి పూసిన రంగు కాదు. తుప్పు పట్టిన ఇనప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడతారు. కరక్కాయ పొడీ గేదెపాలూ కలిపిన నీళ్ళలో ముంచి ఎండబెట్టిన గుడ్డ మీద ఆ కషాయం అద్దుతూనే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక అద్దుతారు, తర్వాత రంగు చెక్కతో ఉడకబెడితే అక్కడే ఎరుపు పట్టుకుంటుంది. ఇదంతా ఆ పిల్లకి చెప్పాలని నా తాపత్రయం. క్విల్టు కుట్టి దాని మంచం మీద పరిస్తే, రేపు కాలేజీకి వెళ్ళేటప్పుడు వెంట తీసుకుపోతుందని నా ప్లాను. ప్లాను నాది, మంచం దానిది, చీర మా అమ్మది.

అయినా అది అన్నదాంట్లో అబద్ధం ఎంత? డైనింగ్ టేబుల్ క్విల్టుదే. మేం కిచెన్ కౌంటర్ దగ్గర నిలబడి తింటాం, ఎవరైనా వస్తేనే టేబుల్ ఖాళీ అవుతుంది. దాని మీద ఉన్నవి లాగ్ క్యాబిన్ అనే డిజైను బ్లాకులు, అంటే ముక్కలు కలిపి కుట్టిన చదరాలు. మధ్యలో ఎర్ర ముక్క, అది ఇంటి మధ్యలో పొయ్యికి గుర్తని ఇక్కడి ఆనవాయితీ. చుట్టూ ఒకవైపు లేత పట్టీలు, ఒకవైపు ముదురు పట్టీలు. ప్రతి కుట్టూ పావంగుళం లోపలికి పడాలి. ఒక్కో కుట్టు దగ్గర నూలుపోగంత తేడా వచ్చినా, పట్టీలన్నీ చేరేసరికి బ్లాకు వంకరగా తేలుతుంది. నా బ్లాకులు కొన్ని వంకరే. వాటిని విప్పి మళ్ళీ కుట్టడం ఇష్టం లేక కొత్తవి మొదలుపెడుతూ పోతున్నాను.

సోఫా పక్కన బుట్టలో ఉన్నది స్వెట్టర్. హ్యూస్టన్‌లో ఊలు స్వెట్టరేమిటని అడక్కండి. బందర్లో పుట్టినదాన్ని, చలంటే ధనుర్మాసంలో తెల్లారుజామున దుప్పటి ముసుగెయ్యడమే అనుకున్నదాన్ని. ఈ దేశం వచ్చిన కొత్తలో, చంటిపిల్లతో ఇంట్లో పిచ్చెక్కుతుంటే లైబ్రరీకి పోయేదాన్ని. అక్కడ పెద్దవాళ్ళు కొందరు గుండ్రంగా కూర్చుని అల్లుకునేవారు. వాళ్ళ మధ్య కూర్చుంటే ఇంగ్లీషు మాట్లాడక్కర్లేదు, చేతులు చూస్తే చాలు. సూదులు పట్టడం అలా వచ్చింది. అబ్బాయికని మొదలుపెట్టిన స్వెట్టర్‌కి వెనకభాగం, ముందుభాగం, ఒక చెయ్యి అయ్యేసరికి వాడు ఎదిగిపోయాడు. ఆ చెయ్యి ఇప్పుడు వాడి మోచేతి దాకా వస్తుంది. విప్పాలి. విప్పిన ఊలు నూడుల్స్ మాదిరి వంకీలు తిరిగి ఉంటుంది. దాన్ని చిలపగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే మళ్ళీ సాపవుతుంది. ఇది తెలిసి కూడా ఆ బుట్ట ముట్టుకోవడం లేదు.

ఇక క్రాస్ స్టిచ్. చిన్నప్పుడు స్కూల్లో కుట్లు అల్లికల పీరియడ్‌లో మ్యాటీ గుడ్డ మీద చిలకల్ని కుట్టిన చెయ్యే కాబట్టి, క్విల్టు, అల్లిక, రంగులు వెయ్యడం, ఇది, ఈ నాలుగింటిలో నాకు నిజంగా వచ్చింది ఇదొక్కటే. ఇక్కడ ఐడా గుడ్డ దొరుకుతుంది, అంగుళానికి 14 గళ్ళు. డీఎంసీ కంపెనీ దారాలకి నంబర్లుంటాయి, నలుపు 310. అమ్మాయి డ్యాన్స్ క్లాసు బయట కారులో కూర్చుని నెమలి కుట్టేదాన్ని. తలా మెడా అయి, సగం పింఛం వచ్చిన రోజుల్లో అది కూచిపూడి మానేస్తానంది.

కూచిపూడి! మా బందరు నుంచి బస్సెక్కితే ఎంతోదూరం లేని ఊరు. నేను ఎంత ఉపన్యాసం ఇచ్చానో ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. మొదలుపెట్టింది మధ్యలో వదలకూడదన్నాను. ఇవాళ డ్యాన్స్ వదిలితే రేపు చదువు వదులుతావన్నాను. క్రమశిక్షణ, సంస్కృతి, మీ అమ్మమ్మ ఏమనుకుంటుంది, అన్నీ వాడేశాను. ఆ పిల్ల నోరెత్తకుండా విని, తిన్నగా నా బుట్ట వైపు చూసింది. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు ఇంకో సంగతి కూడా అర్థమవుతోంది. నా బాధలో సగమే కూచిపూడి కోసం. మిగతా సగం నెమలి కోసం. వారానికి ఒకసారి ఎవరూ పిలవకుండా, ఎవరికీ ఏదీ వండకుండా, కారులో ఏసీ వేసుకుని కూర్చునే ఆ గంట పోయింది. పిల్లలకి సంస్కృతి నేర్పిస్తున్నామని తిరిగే తల్లుల్లో ఎంతమంది పార్కింగ్ లాట్‌లో ఆ గంట కోసం తిరుగుతున్నారో పైకి చెప్పుకోం గానీ, నేనొక్కదాన్నే కాదని నా నమ్మకం.

చీర విషయంలో అంత తేలిగ్గా ఊరుకోలేదు. సాయంత్రం దాన్ని కూర్చోబెట్టి చరిత్ర మొత్తం విప్పాను. మా ఊరి రేవులో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1611లోనే దుకాణం పెట్టారనీ, మన తీరంలో అద్దిన గుడ్డలు కట్టుకోవడానికి ఇంగ్లండు జనం ఎగబడితే, వాళ్ళ నేతపనివాళ్ళు గోల చేసి 1700లో ఒక చట్టం, 1721లో ఇంకో చట్టం తెప్పించి వాటిని ఆపించారనీ చెప్పాను. అమెరికాలో పాతకాలపు క్విల్టుల్లోనే ఒక పద్ధతి ఉంది. అద్దకం గుడ్డలోంచి పూలు, పిట్టలు, చెట్లు జాగ్రత్తగా కత్తిరించి తెల్లటి గుడ్డ మీద పెట్టి కుట్టేవారు. ఖరీదైన గుడ్డ కాబట్టి కొంచెంతోనే ఎక్కువ చోటు నింపుకునే ఉపాయం. "చూశావా, మన గుడ్డని ఇక్కడివాళ్ళు రెండొందల ఏళ్ళ కిందటే కోసి క్విల్టు కుట్టుకున్నారు. నేను కొయ్యకూడదా?" అన్నాను. నా వాదనకి నేనే మురిసిపోయాను.

"వాళ్ళది అమ్మమ్మ చీర కాదుగా" అంది.

సరేనని కథని అలబామాకి తీసుకెళ్ళాను. గీస్ బెండ్ అని నదివంపులో ఒక పల్లె. బానిసలుగా బతికిన నల్లవాళ్ళ వారసులు. పొలం పనికి కట్టి చిరిగిన ప్యాంట్లు, చొక్కాలు, సంచులు, ఏది దొరికితే అది కలిపి ఆడవాళ్ళు క్విల్టులు కుట్టుకున్నారు. చలికి కప్పుకోవడానికి కుట్టినవి 2002లో మా హ్యూస్టన్ మ్యూజియంలో గోడలకెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీద కూడా వచ్చాయి. వాళ్ళలో మిస్సోరి పెట్‌వే అనే ఆవిడ 1942లో, చనిపోయిన భర్త పనిబట్టలన్నీ కోసి ఒక క్విల్టు కుట్టింది. ఆయన్ని గుర్తుంచుకోవడానికి, ఆ ప్రేమ కింద పడుకోవడానికి. చెబుతుంటే నాకే గొంతు బొంగురుపోయింది.

అమ్మాయి కాసేపు ఆలోచించింది. "ఆవిడ ఫినిష్ చేసిందిగా" అంది.

ఇక మా అమ్మ దగ్గరికే పోదామని వీడియో కాల్ చేశాను. తీర్పు నాకే వస్తుందని ధీమా. మా అమ్మ అంతా విని, "పాతచీరకి ఇంత రాద్ధాంతమేమిటే? స్టీలు సామానువాడికి వేస్తే దానికి గరిటె కూడా ఇవ్వడు" అంది. పిల్లకి నచ్చింది కదా, ఉంచుకోనీ, అంది. అంతటితో ఊరుకుందా! "నీ వీణ సంగతి గుర్తుందా? సరళీస్వరాలు దాటకుండానే చేతులు నొప్పులని మానేశావు. నేనేమన్నా అన్నానా?"

నిజమే, అనలేదు. ఎందుకనలేదమ్మా అని అడిగాను. అమ్మాయి పక్కనే ఉంది, నేనేదో పెద్దమాట వస్తుందని ఆశపడ్డాను.

"మాస్టారికిచ్చే డబ్బులు మిగులుతాయిలే అనుకున్నా" అంది మా అమ్మ.

ఇలాంటివి రాసేటప్పుడు చివర్లో తోటి తల్లులకి సలహాలివ్వడం మర్యాద. ఇస్తాను. నాలుగు పనులకి నాలుగు సంచులు పెట్టుకోండి. ఆపేసిన అల్లికతో పాటు సూది సైజు రాసిన చీటీ సంచిలో వెయ్యండి, లేకపోతే తర్వాత ఏ సూదితో అల్లామో తెలియక అల్లిక బిగువు మారిపోతుంది. పాత చీర కోసేముందు వెనక పలచటి గుడ్డ అతికించండి, లేకపోతే నేత జారిపోతుంది. నూలుకి వేసే రియాక్టివ్ అనే రసాయన రంగులకి సోడా యాష్ అనే బట్టల సోడా కావాలి, ఊలుకి వేసే యాసిడ్ రంగులకి వెనిగర్ కావాలి. ఊలు మీద సోడా పోస్తే పాడవుతుంది. రంగు గిన్నెలు వంటకి వాడకూడదు. మా ఇంట్లో వాటి మీద "వంటకి కాదు" అని పెద్దక్షరాలతో రాశాను. అయినా దసరా దండల్లోని బంతిపూలు పటికతో ఉడుకుతుంటే అబ్బాయి మూత తీసి, "ఇది రంగా, సాంబారా?" అని అడిగాడు.

ఇంతవరకూ నాకు బాగానే తెలుసు. పిల్లల్ని ఏ సంచిలో పెట్టాలన్న దగ్గరే చీటీ రాయలేకపోతున్నాను. మధ్యలో మానెయ్యనిస్తే నిలకడ రాదంటారు, నేనూ అదే అంటూ వచ్చాను. కానీ మా అబ్బాయి చూడండి. వాడి తెల్ల టీషర్టుని పసుపు నీళ్ళలో ముంచాం. పచ్చగా బ్రహ్మాండంగా వచ్చింది. అన్నం తింటూ పెరుగు ఒలకబోసుకుని, బట్టల సబ్బుతో రుద్దాడు. రుద్దినచోట ఎర్రటి మరక. నెత్తురనుకుని కేకపెట్టాడు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందనీ, సబ్బులోనూ అలాంటి గుణమే ఉంటుందనీ, పెళ్ళికూతురి కాళ్ళకి పెట్టేది అదేననీ చెప్పాను. నిమ్మకాయ పిండితే మళ్ళీ పచ్చబడింది. వాడు ఆ శనివారం మొత్తం సబ్బు, నిమ్మకాయ, వంటసోడా పట్టుకుని గరాజ్‌లోనే ఉన్నాడు. ఆ చొక్కా నెల తిరక్కుండా ఎండకి వెలిసిపోయింది, పసుపు రంగు నిలిచేది కాదు. వాడు దాన్ని పారేసి వేరే దాంట్లో పడ్డాడు. ఇప్పుడు గ్రాఫ్ కాగితం మీద మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేమ్ బొమ్మలు గీసి నా క్రాస్ స్టిచ్ గుడ్డ మీద కుడతానంటున్నాడు. అవీ గళ్ళే, ఇవీ గళ్ళేనట. మా నెమలి పక్కన ఆ గేమ్‌లోని క్రీపర్ అనే ఆకుపచ్చ భూతం తలకాయ ఒకటి మొదలైంది కూడా. అదీ సగమే.

వాడు వదిలేస్తే సరదా, అది వదిలేస్తే నిలకడ లేకపోవడం. ఈ తేడా నేనెక్కడ నేర్చుకున్నానో? ఆడపిల్ల కాబట్టా, పెద్దది కాబట్టా, వదిలేసింది మన ఊరి డ్యాన్స్ కాబట్టా? మూడూ కావచ్చు. దాన్ని అడిగితే ఇంకో కారణం చెబుతుందేమోనని భయం, అందుకే అడగలేదు.

మా ఇంట్లో బొంతలుండేవి. మా అమ్మ ఎండాకాలంలో పాత చీరలూ నాన్న పంచెలూ పొరలుగా పరిచి, పెద్ద సూదితో పొడుగు కుట్లు వేసేది. ఒకచోట చిరిగితే దానిమీద ఇంకో చీర పరిచి మళ్ళీ కుట్టేది. ఆ బొంత పూర్తయిందని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అన్నట్టు గుర్తులేదు. ఈ మాట అమ్మాయితో అందామనుకుని ఆగాను. నా బద్ధకానికి పుట్టింటి నుంచి సాక్ష్యం తెచ్చుకున్నట్టు ఉంటుంది. మా అమ్మ బొంత కింద మేం ప్రతి రాత్రీ పడుకున్నాం. నా క్విల్టు కింద ఇంతవరకూ ఎవరూ పడుకోలేదు.

ఆ చీర కట్టుకుంటావా అని దాన్ని ఒకసారి అడిగాను. "తెలీదు. కానీ ఉండనీ" అంది. చీర చివికిపోయిందనీ, హ్యాంగర్‌కి ఉంచితే బరువుకి మడత దగ్గర ఇంకా చిరుగుతుందనీ, చుట్టి పెట్టుకోవాలనీ చెప్పాను. విని, ఒక అట్టగొట్టానికి పాత దుప్పటి గుడ్డ చుట్టి, దానిమీద చీర చుట్టుకుంది. నేను చెప్పిన సలహా ఈ ఇంట్లో ఎవరైనా చివరిదాకా పాటించింది అదొక్కటే. కత్తిరిద్దామంటే ముందు ఆ స్వెట్టర్ సంగతి చూడమ్మా అంటోంది. షరతు న్యాయమైనదే.

అందుకని పాతవి పూర్తయ్యేదాకా ఈ ఇంట్లో కొత్త పని మొదలుపెట్టేది లేదని మొన్న ఆదివారం అందరి ముందూ ప్రకటించాను. మా ఆయన చప్పట్లు కొట్టారు. మంగళవారం అబ్బాయి వచ్చి, నీలిమందులో ముంచిన గుడ్డ బయటికి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉండి గాలి తగిలాక నీలంగా మారుతుందట, నిజమేనా అని అడిగాడు. నిజమే అన్నాను. చూపించు అన్నాడు. నీలిమందు ఒక పాలు, సున్నం రెండు పాళ్ళు, ఫ్రక్టోజ్ మూడు పాళ్ళు. సున్నం ఇంట్లో ఉంది. మిగతా రెండూ ఆర్డర్ పెట్టాను, శుక్రవారానికి వస్తాయి. అమ్మాయికి ఇంకా చెప్పలేదు.